హెచ్‌సీజేబీ వారికి, 34333

కీటో నగరంలోని హెచ్‌సీజేబీ రేడియో వారికి,

మీ పేరులో మొదటి రెండక్షరాలు ఈక్వెడార్ దేశపు రేడియో గుర్తు. మిగతా రెండూ తగిలించుకుని స్పానిష్‌లో ‘ఈ రోజు క్రీస్తు యేసు దీవిస్తాడు’ అని వచ్చేలా కుదుర్చుకున్నారు. ఇంటిపేరు సర్కారుది, సొంత పేరు స్వామిది. మీ లౌక్యానికి దండం.

భూమధ్యరేఖ దగ్గర, అందులోనూ కొండల మధ్య రేడియో పెట్టొద్దని తెలిసినవాళ్లు మొత్తుకున్నారు. జనాన్ని ‘వినండి వినండి’ అని బతిమాలుకోబోయే మీరు ఆ ఒక్క మాట మాత్రం వినలేదు. 1931 క్రిస్మస్ రోజున బల్ల మీద పట్టే ట్రాన్స్‌మిటర్‌ను ఓ పాత గొర్రెల కొట్టంలో పెట్టి మొదలెట్టేశారు. మంచి కాపరి గురించి చెప్పడానికి చోటు బాగానే చూసుకున్నారు గానీ, ఊళ్లో రేడియో సెట్లున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తీరా చూస్తే ఉత్తరానికీ దక్షిణానికీ తరంగాలు పంపడానికి ఆ రేఖే అనువైన చోటని తేలింది. తెలిసినవాళ్ల మొహాలు చూడాల్సింది.

కొండ మాత్రం ఊరుకోలేదు. దాదాపు 2,850 మీటర్ల ఎత్తులో గాలి పలచన, కరెంటు తేలిగ్గా నిప్పై దూకుతుంది. 1940ల మొదట్లో మీరు పవర్ పెంచగానే యాంటెన్నా కడ్డీల కొసల దగ్గర రాత్రిపూట నిప్పులు పుట్టేవి. అల్యూమినియం కరిగి ముక్కలుగా కింద పడేది. స్వర్గం గురించి చెప్పే స్టేషన్ నెత్తిన ఆ మంటలేమిటో! మీ ఇంజినీరు క్లారెన్స్ మూర్ పుస్తకాలు పట్టుకుని సముద్రం ఒడ్డుకి వెళ్లి కూర్చున్నాడు. కొసలుంటేనే కదా కాలేది, అసలు కొసే లేకుండా తీగను చతురస్రంగా చుట్టేస్తే? అలా పుట్టిందే ‘క్యూబికల్ క్వాడ్’ యాంటెన్నా. మీ ప్రసంగాలు ఎంతమందిని మార్చాయో గానీ, ఆ తీగ చట్రం మాత్రం సరదాకి సొంతంగా రేడియో నడిపే దేశదేశాల హామ్ రేడియో వాళ్ల డాబాలెక్కింది. వాళ్లలో నాస్తికులూ ఉండే ఉంటారు.

ఇక దూరదేశాల దాకా పాకే షార్ట్‌వేవ్ ప్రసారాలంటే పడిచచ్చే మాలాంటి పిచ్చోళ్ల సంగతి. అర్ధరాత్రి రేడియోకి చెవి ఆనించి, గరగరల మధ్య మీ పాట పట్టుకుని, మేం మీకు రాసిందేమిటి? 34333. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల గోల, రొద, ఊగిసలాట, మొత్తం మీద ఎలా వినపడింది, ఒక్కోదానికి ఐదుకి ఇన్నని మార్కులు. రక్షణ గురించి ఒక్క ముక్క లేదు. మీరూ అడగలేదు, మిమ్మల్ని విన్నామనడానికి రుజువుగా రంగుల కార్డు పంపారు. పైగా దూరపు స్టేషన్లు పట్టే (దాన్నే డీఎక్స్ అంటాం) మాకోసం ‘డీఎక్స్ పార్టీలైన్’ అని ఓ కార్యక్రమమే నడిపారు. వల వేసిందెవరో, చిక్కిందెవరో!

ఆఖరికి పాపం ఆకాశమే కొంప ముంచింది. కీటోకి కొత్త విమానాశ్రయం కడుతున్నాం, దారిలో మీ టవర్లు అడ్డమన్నారు. 2009లో ఆ టవర్లున్న పిఫోలో షార్ట్‌వేవ్ ఆపేశారు. దేవుడి మాటకి విమానాలే దారివ్వకపోతే ఎవరితో చెప్పుకుంటారు?

ఇప్పుడు ఊళ్లో ఎఫ్ఎంలో పలుకుతున్నారు. ఈసారి సెట్లకి కొదవలేదు లెండి. అది నా దాకా రాదు కాబట్టి కార్డు అడగడం లేదు.

ఇట్లు,
మీ 34333