నోరులేని వాళ్ల దౌర్జన్యం

మాటలు రాసి పొట్టపోసుకునే వాళ్లందరి తరఫున ఈ ఫిర్యాదు దాఖలు చేస్తున్నాను. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కొట్టిన ‘ఫ్లో’ చూశారా? లాత్వియా వాళ్లది. వరద, పడవ, ఒక పిల్లి, దానితోపాటు ఇంకొన్ని జంతువులు. మొదటినుంచి చివరిదాకా ఒక్కటంటే ఒక్క డైలాగ్ లేదు! పిల్లి చెవులు వెనక్కి మడిస్తే భయం, తోక నిలబెడితే ధైర్యం. దీన్ని తెలుగులోకి డబ్ చెయ్యాలంటే ‘మ్యావ్’ని ‘మ్యావ్’ అనే రాయాలి. అందుకు నాకు అడ్వాన్స్ ఎవరిస్తారండీ?

పోనీ అందులో నిజాయితీ ఉందా అంటే అదీ లేదు. ఆ సినిమాలో కాపిబారా (పెద్ద ఎలుకలాంటి జంతువు లెండి) ఉంది, దానిది సొంత గొంతు కాదు. అసలు జంతువు గొంతు మరీ కీచుగా ఉందని ఒంటెపిల్ల గొంతు పెట్టారు. ముంబై నుంచి దిగిన హీరోయిన్‌కి మన అమ్మాయి గొంతు అరువిస్తే ఏళ్ల తరబడి ముక్కు విరిచిన మేధావులు, ఒంటెపిల్ల విషయంలో నోరెత్తలేదు. (మన అమ్మాయిల పేర్లయినా పోస్టర్ మీద ఎప్పుడు చూశాం గనక.)

ఈ జబ్బు నిన్నమొన్నటిది కాదు. 1937లో డిస్నీ ‘స్నోవైట్’ తీసినప్పుడే, ఏడుగురు మరుగుజ్జుల్లో డోపీ నోట మాట పెట్టలేదు. మాట్లాడలేడా అని స్నోవైట్ అడిగితే తోటివాడు చెప్పిన సమాధానం: వాడికే తెలీదు, ఎప్పుడూ ప్రయత్నించలేదు. ప్రయత్నించకుండానే ఇన్నేళ్లుగా ముద్దులు కొట్టేస్తున్నాడు. మనం రోజూ ప్రయత్నిస్తున్నాం.

‘డెస్పికబుల్ మీ’ కార్టూన్ సినిమాల్లోని పసుపుపచ్చ బుడతలు, మినియన్లు కాస్త నయం. వాటికి గొంతిచ్చింది దర్శకుల్లో ఒకరైన పియర్ కాఫిన్. స్పానిష్, ఇటాలియన్, ఇండోనేషియన్ ముక్కలు దొరికినవి దొరికినట్టు కలిపి వాగించేస్తారాయన. మన టీవీ చర్చల్లాగే అందరూ ఒకేసారి. అర్థం సంగతి దేవుడెరుగు, మాటలైతే ఉన్నాయి. అదీ వృత్తిధర్మం.

నా అసలు గొడవ గ్రోమిట్‌తో. బ్రిటన్‌లో నిక్ పార్క్ ప్లాస్టిసిన్‌తో, అంటే బొమ్మలు చేసే రంగుల బంకమట్టితో, చేసిన కార్టూన్ కుక్క, 1989లో తెరకెక్కింది. దానికి నోరే పెట్టలేదు. యజమాని వాలెస్ గలగలా మాట్లాడుతూనే ఉంటాడు. తెలివంతా కుక్క నుదుటి మీద ఉంటుంది. ఆ నుదురు ఎక్కడో చూశానే అని తెగ ఆలోచించాను. మా అమ్మది! చుట్టాలింట్లో రెండో మైసూర్‌పాక్ మీదికి నా చెయ్యి వెళ్లగానే ఆవిడ కనుబొమ్మ ఒక్కటి లేచేది. తీసుకో, తీసుకుని చూడు, ఇంటికి రా చెప్తాను, అవతల ఆవిడ చూస్తోంది, మీ నాన్నగారి పరువు... అన్నీ అందులోనే. నేను రాస్తే రెండు పేజీలు. ఆవిడకి ఏ రచయితల సంఘంలోనూ సభ్యత్వం లేదు.

ఈ వాదనంతా మొన్న ఒక నిర్మాతగారికి గంటసేపు వినిపించాను, కార్టూన్‌లో కుక్కకి సైతం పంచ్ డైలాగులు ఉండి తీరాలని. ఆయన ఏమీ అనలేదు. వాచీ కూడా చూసుకోలేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపారంతే.

నేను ఫైలు తీసుకుని లేచాను.