గీత వెనుక జీతం

ప్రవేశాల కాలం వస్తే చాలు, లలితకళల డిగ్రీ బీఎఫ్ఏలో చేరతానన్న పిల్లలకు ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: బొమ్మలేస్తే కూడు దొరుకుతుందా? లక్ష్మాగౌడ్, వైకుంఠం అంటూ కళాశాలలు పెద్ద చిత్రకారుల పేర్లు ఏకరువు పెడతాయి. పేర్లు గొప్పవే. చదువు ముగిశాక పేరొచ్చేదాకా వాళ్లు ఎలా బతికారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. తల్లిదండ్రులు అడుగుతున్నది సరిగ్గా అదే.

లక్ష్మాగౌడ్ మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో డిప్లొమా చేసి, బరోడాలో కుడ్యచిత్రకళ నేర్చుకున్నారు. పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ ఒకే మోహంతో గీసిన ఆయన ఎచింగులు (లోహపు రేకు మీద గీసి కాగితంపై అచ్చువేసే బొమ్మలు) అప్పట్లో డ్రాయింగు రూముల్లో తగిలించుకునే సరుకు కాదు. దూరదర్శన్ ఉద్యోగం, ఆ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోధన ఆయనకు నెల గడిపాయి. పద్మశ్రీ వచ్చింది 2016లో. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. బూరుగుపల్లి నుంచి వచ్చిన వైకుంఠం బరోడాలో పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఎర్రటి బొట్టుతో ఆయన గీసిన తెలంగాణ స్త్రీలను ఇవాళ దేశమంతా గుర్తుపడుతుంది. ఆయనా సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, ‘దాసి’కి జాతీయ అవార్డు అందుకున్నారు. కొప్పులు ముడిచిన భారీ స్త్రీ శిరస్సులతో దేశవిదేశాలను ఆకట్టుకున్న శిల్పి రవీందర్‌రెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. శాంతినికేతన్‌లో చదివొచ్చిన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్ లలితకళల కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఈ కొలువుల్లో చాలావరకు సర్కారు సొమ్ముతో నడిచినవే. అమ్ముడుపోని బొమ్మను ఏళ్ల తరబడి గీసే ధైర్యం ఆ జీతంలోంచి వచ్చిందని మా నమ్మకం. అంతకుముందు తరానికి అదీ లేదు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కంట పడకపోతే చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జేజే చిత్రకళా స్కూలు గడప తొక్కేవారా అన్నది అనుమానమే.

మరి ఇప్పుడో? అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ల కళ), యానిమేషన్ చదివిన వారికి ప్రకటనల సంస్థలు, గేమింగ్ స్టూడియోలు ఉన్నాయి. అది చిన్నచూపు చూడాల్సిన పని కాదు. చిక్కంతా పెయింటింగ్, శిల్పం చదివిన వారిది. విద్యాహక్కు చట్టం 2009లోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. మన సర్కారు బళ్లలో డ్రాయింగ్ మాస్టారు ఉన్నది ఎన్నింట? ఉన్నచోటా ఆ పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇచ్చేయడం మామూలైపోయింది. కేంద్రం ఏటా ప్రకటించే విద్యాసంస్థల ర్యాంకుల్లో ఆర్కిటెక్చర్‌కు విడిగా పట్టిక ఉంది, లలితకళలకు లేదు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో మాత్రం ఈ రెండు చదువులూ ఒకే విశ్వవిద్యాలయంలో సాగుతున్నాయి!

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందుగా బళ్లలో కళా బోధకుల ఖాళీలు నింపాలి, పార్ట్‌టైమ్ పేరుతో అరకొర చేతిలో పెట్టకుండా. కొత్త కలెక్టరేట్లు, బస్టాండ్లు, ఆసుపత్రులు కట్టేటప్పుడు అంచనా వ్యయంలోనే గోడచిత్రానికీ శిల్పానికీ కొంత భాగం కేటాయించాలి. ఆ పనిని తక్కువ ధర కోట్ చేసిన గుత్తేదారుకు కాక, నమూనా చూసి కళాకారుడికే నేరుగా ఇవ్వాలి. సిమెంటు బస్తాకు పెట్టే టెండరు నిబంధనలు విగ్రహానికి పనికిరావు. ఆ తేడా తెలియకపోతే ఏమవుతుందో మన కూడళ్లలో నాయకుల విగ్రహాల ముఖాలు చూస్తే తెలుస్తుంది.

విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పనీ ఒకటుంది, దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు. పదేళ్ల కిందట పట్టా పుచ్చుకున్న బ్యాచ్‌లో ప్రతి ఒక్కరూ ఇప్పుడు ఏం చేస్తున్నారో, ఎంత సంపాదిస్తున్నారో కనుక్కొని, పేర్లు లేకుండా ఆ లెక్క బయటపెట్టాలి. గీయడం మానేసిన వారినీ అందులో కలపాలి.