కార్బన్ పరీక్షకూ 6.6 కోట్ల ఏళ్లకూ సంబంధం లేదు

మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కార్బన్ పరీక్ష 50 వేల ఏళ్లు దాటి చెప్పలేదట, కాబట్టి డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందట పోయాయన్నది అబద్ధమట. శిలాజాన్ని బట్టి రాయి వయసు, రాయిని బట్టి శిలాజం వయసు చెబుతారట. వరదకు అన్నీ కలిసిపోతాయట. మన కోట ఊరి రాళ్లే ఇందుకు సాక్ష్యమట. వడధం శిలాజాల పార్కు చూసొచ్చిన పిల్లలు కూడా ఇది నమ్ముతుంటే ఊరుకోలేకపోయాను.

50 వేల ఏళ్ల మాట నిజమే. కానీ అంత పాత రాళ్లకు కార్బన్ పరీక్ష ఎవరూ చేయరు. అగ్నిపర్వతపు బూడిదలో, లావాలో ఉండే యురేనియం, ఆర్గాన్ లాంటివి కొలుస్తారు.

ఇక రెండో మాట. ఇంగ్లండులో కాలవలు తవ్వేచోట సర్వే చేసిన విలియం స్మిత్, ఏ పొరలో ఏ శిలాజం వస్తుందో గమనించి 1815లోనే మ్యాపు వేశాడు. రేడియోధార్మికత బయటపడింది 1896లో. అంటే వరస ముందు తెలిసింది, ఏళ్ల లెక్క తర్వాత వచ్చింది. రెండూ వేర్వేరు దారులు.

ఆ వరసను బాగా పట్టిచ్చేవి ఫొరామినిఫెరా, సముద్రంలో బతికే ఏకకణ జీవులు. మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద తడి కుంచెతో గుల్లలు ఒక్కొక్కటే ఏరాలి. డైనోసార్లున్న చివరి యుగమైన క్రెటేషియస్ చివరి పొరలో అంచు కట్టిన పెద్ద గ్లోబోట్రంకానాలు కనిపిస్తాయి. ఆ యుగం ముగిసిన సరిహద్దు దాటగానే అవి మాయం. ద్రాక్షగుత్తిలాంటి బుల్లి గుంబెలిట్రియా మిగులుతుంది, కాస్త పైన కొత్త జాతులు మొదలవుతాయి. జల్లెడ కన్ను పెద్దదైతే ఇవన్నీ జారిపోయి పొర ఖాళీగా కనిపిస్తుంది. ఎంత ఓపిక కావాలో చూడండి!

కలిసిపోవడం నిజంగానే ఉంటుంది. పాత గుల్లలు కొట్టుకొచ్చి కొత్త మట్టిలో చేరతాయి, అవి తరచు అరిగి, విరిగి ఉంటాయి. బోరు తవ్వితే పైమట్టి కిందికి రాలుతుంది. అందుకే బోరు మట్టిలో పైనుంచి దిగుతూ ఒక జాతి మొదట ఎక్కడ కనబడిందో ఆ లోతునే ఎక్కువ నమ్ముతారు.

కోట రాళ్లు జురాసిక్ నాటివి, ఆ వినాశనానికి పది కోట్ల ఏళ్లకు పైగా ముందువి. వాటిలో ఆ సరిహద్దు ఉండనే ఉండదు. అది కావాలంటే గోదావరి వెంట దిగువకు, రాజమండ్రి దగ్గరి క్వారీలకు వెళ్లాలి. అక్కడ రెండు లావా పొరల మధ్య చిక్కిన సముద్రపు మట్టిలో, వినాశనం తర్వాతి తొలి కాలపు ఫొరామినిఫెరా దొరికాయి. కింది లావా వాటికన్నా ముందు పారింది, పై లావా తర్వాత వచ్చింది. కాబట్టి ఆ లావాల వయసు కొలిస్తే మధ్యనున్న గుల్లల వయసు ఆ రెంటి మధ్య ఉంటుంది.