కలప కొలతకు జవాబు చెప్పేదెవరు?

అటవీశాఖ డిపోలో ఉన్న ఒక టేకు దుంగనే తీసుకుందాం. పొడవు 3 మీటర్లు, నడుమ చుట్టుకొలత 120 సెంటీమీటర్లు. తరతరాలుగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం చుట్టుకొలతలో నాలుగో వంతును అంతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో గుణిస్తే 0.27 ఘనపు మీటర్ల కలప. అదే దుంగకు చుట్టుకొలత 116 అని రాస్తే లెక్క 0.2523కి పడిపోతుంది. తేడా రెండు వేళ్ల మందం. కానీ ఈ లెక్కలో చుట్టుకొలత రెండుసార్లు వస్తుంది కాబట్టి, టేపు దగ్గర నూటికి మూడు పోతే కలపలో నూటికి ఆరున్నర పోతుంది. అలాంటి దుంగలు వంద ఉన్న లాటులో 62 ఘనపుటడుగులకు పైగా కలప కాగితం మీదే మాయమవుతుంది. రాత్రిపూట గొడ్డలి పట్టినవాడు లేడు, చెక్‌పోస్టు తప్పించుకున్న లారీ లేదు, కేసు అంతకన్నా లేదు.

ఎర్రచందనం దొంగల గురించి, అడవిలో నరికివేతల గురించి మా పత్రికతో సహా అందరం రాస్తూనే ఉన్నాం. రాయాల్సిందే. కానీ చట్టబద్ధంగా కొట్టిన చెట్టుకు, చట్టబద్ధంగా అమ్మిన దుంగకు కొలత వేసే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. అతను నేర్చుకున్నదేమిటి, అతని మీద తనిఖీ ఎవరిది, తప్పు జరిగితే బాధ్యత ఎక్కడిదాకా వెళ్తుంది అన్న ప్రశ్నలు శాఖ గోడలు దాటి బయటికి రావడం లేదు. రావాలని మేం కోరుతున్నాం.

ఎందుకంటే ఆ కొలతలో ఉన్నది ప్రభుత్వ ఖజానా సొమ్ము ఒక్కటే కాదు. అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే గ్రామస్థుల సంఘాలుగా 1992 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడుతూ వచ్చిన వన సంరక్షణ సమితుల వాటా అందులో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించిన వెదురు మీద బతికే గిరిజన కుటుంబాల కూలి, రాబడి ఆ కట్టల లెక్క మీదే ఉన్నాయి. రోడ్డుకో ప్రాజెక్టుకో భూమి ఇచ్చిన రైతు సంగతి మరీ ముఖ్యం. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, సేకరించే భూమిలోని చెట్ల విలువ కట్టేందుకు కలెక్టర్ అటవీ, ఉద్యాన రంగాల్లో అనుభవం ఉన్నవారి సేవలు తీసుకోవచ్చు. అంటే గట్టు మీద ఇరవై ఏళ్లు పెంచుకున్న టేకు చెట్లకు రైతుకు ఎంత ముడుతుందో తేల్చేది వాటిని కొలిచిన అటవీ ఉద్యోగి రాసిన అంకే.

నిలబడి ఉన్న చెట్టు కొలత చూసేవాళ్లకు తేలిగ్గానే కనిపిస్తుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టాలి. వాలు నేల అయితే ఆ ఎత్తును ఎగువ వైపు నుంచి లెక్కించాలి. సరిగ్గా అక్కడే బుడిపె ఉంటే ఏం చేయాలో, మొదలు చీలి రెండు కాండాలైతే ఎన్ని చెట్లుగా రాయాలో నియమాలున్నాయి. ఇవి తెలియనివాడు రైతుకు అన్యాయం చేయాలన్న ఉద్దేశం లేకుండానే అన్యాయం చేసేస్తాడు. జాబితాలో చెట్లను చుట్టుకొలతను బట్టి 91 నుంచి 120, 121 నుంచి 150 సెంటీమీటర్లు ఇలా తరగతులుగా రాసే పద్ధతి ఉంది. 121 ఉన్న చెట్టుకు 119 అని పడితే అది కింది తరగతిలోకి జారిపోతుంది, దాంతోపాటు పరిహారమూ జారుతుంది. ఎన్ని ఊళ్లలో ఆ జాబితా నకలు అక్కడికక్కడే రైతు చేతికి ఇస్తున్నారు? అతని ముందు అంకెను పైకి చదివి వినిపిస్తున్నారా?

దుంగ దగ్గరికి వస్తే చిక్కులు ఇంకా ఎక్కువ. బెరడు సెంటీమీటరు మందం ఉన్నా, బెరడు మీద కొలిచినదానికీ తీసేసి కొలిచినదానికీ చుట్టుకొలతలో 6 సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. టేపు వాలుగా పడినా, వదులుగా ఉన్నా అంకె పెరుగుతుంది. నడుమ నుంచి సన్నటి కొస వైపు జరిపితే తగ్గుతుంది. తొర్రకు, పగుళ్లకు, వంకరకు ఎంత కోత వేయాలన్నది చాలావరకు కొలిచేవాడి వివేకానికే వదిలేసిన విషయం. ఎర్రచందనంలో అయితే తూకంతో పని అయిపోదు. అది ఏ గ్రేడా, బీ గ్రేడా, సీ గ్రేడా అన్న నిర్ణయం మీదే వేలంలో ధర నిలుస్తుంది. కంటిచూపుతో చెప్పే ఆ ఒక్క అక్షరానికి టేపు పట్టేవాడికి ఉన్నంత కట్టుబాటు కూడా లేకపోతే ఎలా?

నాలుగో వంతు లెక్క గురించీ ఒక మాట చెప్పాలి. దుంగలో నిజంగా ఉన్న కలపకన్నా అది నూటికి 21 పాళ్లు తక్కువ చూపిస్తుంది. గుండ్రటి దుంగను పలకలుగా కోసేటప్పుడు వృథాగా పోయే చెక్కను ముందే మినహాయించే లెక్క అది. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో హోపస్ అనే ఆయన వేసిన కలప లెక్కల పట్టికలతో స్థిరపడి, దొరల పాలనలో మన అడవులకు వచ్చింది. అమ్మేవాడికీ కొనేవాడికీ తెలిసి వాడుకుంటే అందులో మోసం లేదు. పొలంలో చెట్లు అమ్ముకునే రైతుకు ఆ సంగతి చెప్పకపోవడం మాత్రం మోసమే. జామాయిల్, సుబాబుల్ రైతులకు ఇదే బాధ తూకం రూపంలో ఎదురవుతుంది. కొట్టిన కర్ర లోడింగుకు నోచుకోక ఎండలో ఉన్నకొద్దీ నీరు ఆరి బరువు తగ్గుతుంది, నష్టం రైతు నెత్తిన పడుతుంది.

2009 తూనికలు కొలతల చట్టం కింద వ్యాపారంలో వాడే కాటాకు, కొలబద్దకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. దాన్ని పట్టుకునే మనిషికి మాత్రం అలాంటి ముద్ర ఏదీ లేదు. డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్, లాయరు తప్పు చేస్తే బార్ కౌన్సిల్, ఆడిటరు తప్పు చేస్తే చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ విచారించి పేరు తొలగించగలవు. అటవీ వృత్తికి మన దేశంలో అలాంటి చట్టబద్ధ మండలి లేదు. ఉన్నవి అందరు ప్రభుత్వ ఉద్యోగులకూ వర్తించే ప్రవర్తనా నియమాలే. వాటిలో దుంగ కొలతలో నిజాయితీ అంటే ఏమిటో వెతికినా దొరకదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్నవారే ప్రభుత్వ కలపను కొలవాలి. వారు కొలిచినదాన్ని ప్రభుత్వ అధికారులు మళ్లీ కొలిచి చూస్తారు. స్వీడన్‌లో ఆ పని అమ్మేవారి చేతిలోనూ లేదు, కొనేవారి చేతిలోనూ లేదు. ఇద్దరూ కలిసి నడుపుకునే బయోమెట్రియా అనే సంస్థ 2019 నుంచి చేస్తోంది. ఫిన్లండ్‌లో అయితే కలప కొలత కోసం ప్రత్యేక చట్టమే ఉంది. మన దగ్గర మాత్రం అమ్మే శాఖే కొలుస్తుంది, తనిఖీ చేస్తుంది, ఫిర్యాదు వస్తే తానే విచారిస్తుంది. ఈ వ్యవస్థలో నిజాయితీపరుడికి కూడా తన నిజాయితీని రుజువు చేసుకునే దారి లేదు.

అలాంటివాళ్లు శాఖలో చాలామందే ఉన్నారు. వేలం ముందురోజు వచ్చే ఫోన్లకు, బదిలీ బెదిరింపులకు లొంగకుండా ఉన్నది ఉన్నట్టు రాసే బీట్ ఆఫీసర్లకు ఈ సమాజం రుణపడి ఉంది. శేషాచలంలో 2013 డిసెంబరులో స్మగ్లర్ల దాడిలో అటవీ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణాలొడ్డి కాపాడిన కలప చివరికి డిపోలో కొలత దగ్గర చేజారితే ఆ త్యాగానికి మనం ఇచ్చిన విలువేమిటి? కుంభకోణం బయటపడినప్పుడల్లా కింద కొలిచినవాణ్ని సస్పెండ్ చేసి చేతులు దులుపుకోవడం మానాలి. జాబితా మీద సెక్షన్ ఆఫీసర్ సంతకం ఉంది, రేంజర్ సంతకం ఉంది. చూడకుండా చేసిన సంతకానికి కూడా శిక్ష ఉండాలి.

పొరపాటుకూ చేతివాటానికీ తేడా తెలుసుకోవడం అంత కష్టం కాదు. మనిషి పొరపాటు ఒకసారి ఎక్కువ చూపిస్తుంది, మరోసారి తక్కువ చూపిస్తుంది. ప్రతిసారీ ఒకే వైపు మొగ్గితే అది పొరపాటు కాదు. కొట్టుడు, రవాణా కాంట్రాక్టరుకు ఘనపు మీటరు లెక్కన బిల్లు చెల్లించే చోట కూపులో, అంటే చెట్లు కొట్టే అడవి భాగంలో, కొలత పెరగడం లాభం. అదే దుంగ వేలానికి వచ్చేసరికి కొలత తగ్గడం లాభం. దుంగ మీద వేసిన నంబరును పట్టుకుని కూపు జాబితానూ డిపో జాబితానూ ఎదురెదురుగా పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. రెండూ కంప్యూటర్‌లో ఉంటే ఇది ఒక్క పూట పని.

ప్రతి లాటులో చీటీ తీసి ఎంపిక చేసిన కొన్ని దుంగలను ఆ డివిజన్‌తో సంబంధం లేని బృందం మళ్లీ కొలవాలి. ఆ రెండు అంకెలూ, కొలిచినవారి హోదా, తేదీ వేలం నోటీసుతో పాటే వెబ్‌సైటులో పెట్టాలి. దూలపల్లి, దివాన్‌చెరువు అకాడమీల్లో చేరినప్పుడు ఒకసారి నేర్పి వదిలేయకుండా, కొలత పనిలో ఉన్నవారికి కొన్నేళ్లకోసారి దుంగల మీదే పరీక్ష పెట్టాలి. ఫలానా అంకె రాయమని ఒత్తిడి వస్తే దాన్ని రాతపూర్వకంగా నమోదు చేసే హక్కు, అలా చేసినవారికి బదిలీ నుంచి రక్షణ ఉండాలి. రైతు పొలంలో చెట్లు కొలిచిన రోజే నకలు అతనికివ్వాలి. మళ్లీ కొలవమని అడిగేందుకు గడువూ ఇవ్వాలి.

లైసెన్సు, వృత్తి మండలి లాంటివాటికి చట్టం కావాలి, దానికి శాసనసభల్లో చర్చ జరగాలి, సమయం పడుతుంది. పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగానికి మాత్రం రెండు రాష్ట్రాల అటవీశాఖల అధిపతులైన పీసీసీఎఫ్‌లు ఇచ్చే సర్క్యులర్ చాలు. రాబోయే సీజను కూపుల పని మొదలయ్యేలోగా ఆ సర్క్యులర్ ప్రతి రేంజి కార్యాలయానికీ చేరాలి, అందులో తిరిగి కొలిచే బృందాల పేర్లు కూడా ఉండాలి.