సంతకం చేసే చేయి, స్విచ్ తిప్పే చేయి

ఏదైనా విశ్వవిద్యాలయం పర్యావరణ ప్రతిజ్ఞ మీద సంతకం చేసిందన్న వార్త చదివినప్పుడల్లా నాకు కలిగే మొదటి సందేహం ఒక్కటే: ఆ మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఏ పద్దు మారింది? ఏ పద్దూ మారకపోతే ఆ సంతకానికీ, స్నాతకోత్సవంలో అందరూ గొంతు కలిపి చదివి మరుక్షణం మరిచిపోయే ప్రమాణానికీ పెద్ద తేడా లేదు. ఈ మాట కటువుగా ఉందని కొందరు మిత్రులు ఇదివరకే అన్నారు. ఒక విశ్వవిద్యాలయపు పర్యావరణ కమిటీలో కొన్నేళ్లు సభ్యురాలిగా కూర్చుని, జూన్ 5 వచ్చినప్పుడల్లా నిరుడు ఎండిపోయిన మొక్క ఉన్న గుంతలోనే కొత్త మొక్క నాటి ఫొటో దిగిన మనిషిని కాబట్టి, ఆ మాత్రం కటువుగా మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

ప్రతిజ్ఞలకు కొదవ లేదు. 1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్ అనే ఊళ్లో 22 మంది విశ్వవిద్యాలయాధిపతులు సమావేశమై పది అంశాల ప్రకటన ఒకటి వెలువరించారు. బోధన, పరిశోధన, ప్రాంగణ నిర్వహణ, ఇరుగుపొరుగు సమాజంతో సంబంధం, అన్నిటినీ పర్యావరణ దృష్టితో చూస్తామన్నది దాని సారాంశం. ఆ తరువాత 500కు పైగా సంస్థలు దాని మీద సంతకాలు చేశాయి. ఆ పది అంశాల్లో ఇవాళ కూడా తప్పుపట్టదగినది నాకేమీ కనిపించదు. చిక్కు మాటల్లో లేదు. సంతకం పెట్టే చేయి వేరు, వాల్వు తిప్పే చేయి వేరు. ఈ రెంటి మధ్య రిజిస్ట్రారు, ఫైనాన్స్ ఆఫీసరు, కొనుగోళ్ల విభాగం, మెయింటెనెన్స్ కాంట్రాక్టరు అనే అంతస్తులున్నాయి. పైనుంచి దిగే మాట ఒక్కొక్క అంతస్తులో కొంత కొంత పలచబడి, కిందికి చేరేసరికి గోడ మీది పోస్టరుగా మిగులుతుంది.

ఆ పోస్టర్లలో ఒకదాన్ని నేనే అంటించాను. విజ్ఞానశాస్త్ర విభాగాలున్న విశ్వవిద్యాలయంలో విద్యుత్తు ఎక్కువగా ఖర్చయ్యేది తరగతి గదుల్లో కాదు, ప్రయోగశాలల్లో. అక్కడి ఫ్యూమ్ హుడ్ చూడటానికి ముందు అద్దం ఉన్న పెద్ద అలమరలా ఉంటుంది కానీ, లోపలి విషవాయువులతో పాటు గదిలోని చల్లబరచిన గాలినీ, చలిదేశాల్లోనైతే వేడిచేసిన గాలినీ, రాత్రింబవళ్లు పైకప్పు మీదినుంచి బయటికి తోసేస్తూ ఉంటుంది. ఒక్క హుడ్ ఏడాదికి వాడించే శక్తి మూడు అమెరికన్ ఇళ్ల వాడకం కంటే ఎక్కువని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఒకప్పుడు లెక్కగట్టారు. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు, పని అయిపోగానే అద్దాన్ని కిందికి దించండని ప్రచారాలు నడిపాయి. మేమూ నడిపాం. రాత్రి పదకొండింటికి వెళ్లి, అద్దాలు బారుగా తెరిచి ఉన్న హుడ్‌లను లెక్కపెట్టి, ఒక్కొక్కదాని మీదా పచ్చటి కాగితం అంటించి, గొప్ప పని చేశామన్న తృప్తితో తిరిగి వచ్చాం. నెల తిరిగాక మీటరు చూస్తే అంకె కదల్లేదు. పాత భవనంలోని హుడ్‌లన్నీ స్థిరవేగపు ఫ్యాన్లతో నడిచేవనీ, అద్దం దించినా ఎత్తినా అవి లాగే గాలి మొత్తం ఒక్కటేననీ, అద్దం దించినంత మేరకు ఫ్యాను వేగాన్ని తగ్గించే నియంత్రణ పరికరం అమర్చితే తప్ప యూనిట్లు మిగలవనీ అప్పుడు తెలిసింది. అద్దం దించడం భద్రతకు మంచిదే, కాదనను. ఆ పరికరానికి మాత్రం డబ్బు కావాలి. కాగితానికైతే అక్కర్లేదు కాబట్టి మేము కాగితం అంటించాం.

ఫ్రీజర్ల సంగతి దీనికి తీసిపోదు. కణజాలాలనూ ఎంజైములనూ మైనస్ 80 డిగ్రీల దగ్గర భద్రపరచే నిలువెత్తు ఫ్రీజర్లలో ఒకదాన్ని, పరిశోధక విద్యార్థి ఒకరు మా ఎదుట తెరిచారు. వేలి మందాన పేరుకున్న మంచును చెక్కతో గీకితే అట్టపెట్టెలు బయటపడ్డాయి. సగం పెట్టెల మీద సిరా చెరిగిపోయింది, మిగిలినవాటి మీద ఎప్పుడో పట్టా పుచ్చుకుని వెళ్లిపోయిన వారి పొడి అక్షరాలు. ఎవరివో తెలియదు కాబట్టి పారేసే ధైర్యం ఎవరికీ లేదు. అవసరం లేని నమూనాలు తీసేసి, మిగిలినవాటిలో అభ్యంతరం లేనివాటిని మైనస్ 70 దగ్గర ఉంచితే ఫ్రీజరు వాడే విద్యుత్తులో సుమారు మూడో వంతు మిగులుతుందని చాలా ప్రయోగశాలల అనుభవం. ఆచార్యుల వారికి ఆ మాటే చెప్పాం. ఆయన ఓపిగ్గా విని, "మిగిలిన సొమ్ములో మా ల్యాబ్‌కు ఏమైనా వస్తుందాండీ?" అని అడిగారు. రాదు. కరెంటు బిల్లు ఆయన దగ్గరికి వెళ్లదు, నేరుగా కేంద్ర కార్యాలయానికి వెళుతుంది. ఆయన ప్రశ్నను స్వార్థమనుకున్నవారు మా కమిటీలో ఉన్నారు. ఆ రోజు ఎవరైనా అడిగిన అసలైన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

బిల్లు వాడుకున్నవారికి కనిపించకపోవడం, ఆదా చేసినవారికి దక్కకపోవడం, ఈ రెంటినీ సరిచేయకుండా ఎన్ని ప్రతిజ్ఞలు చేసినా అవి భవనాల లోపలికి చేరవు. సరిచేయడం అసాధ్యమేమీ కాదు. యేల్ విశ్వవిద్యాలయం, తరువాత 2018లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ అధ్యక్షతన ఒక బృందాన్ని వేసి, ముందు 20 భవనాల్లో ప్రయోగం చేసి, 2017 నుంచి ప్రాంగణమంతటా టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 40 డాలర్ల చొప్పున అంతర్గత రుసుము అమలులోకి తెచ్చింది. విశ్వవిద్యాలయం మొత్తం మీద ఉద్గారాలు తగ్గిన శాతం కంటే ఎక్కువ శాతం తగ్గించిన విభాగానికి డబ్బు వెనక్కి వస్తుంది, వెనకబడిన విభాగం కడుతుంది, వచ్చిందంతా విభాగాల మధ్యనే తిరుగుతుంది కాబట్టి కేంద్ర కార్యాలయానికి మిగిలేదీ పోయేదీ లేదు. ఆ మొత్తాలు పెద్దవి కావన్న విమర్శ ఉంది, కొంతవరకు నిజం కూడా. అయినా తన విభాగం పేరున, తన భవనం పేరున, నెల నెలా ఒక అంకె బల్ల మీదికి వచ్చినప్పుడు విభాగాధిపతి దాన్ని చూసే చూపు వేరుగా ఉంటుంది. అందుకు ముందుగా భవనానికొక మీటరు ఉండాలి. ప్రాంగణం మొత్తానికి కలిపి ఒకటో రెండో మీటర్లున్న చోట ఏ భవనం ఎంత తాగుతోందో చెప్పడం జాతకం చెప్పడం లాంటిదే. ప్రతిజ్ఞ చేసిన సంస్థ మొదటి ఏడాది మీటర్లు బిగించడం తప్ప మరేమీ చేయకపోయినా నేను తప్పుపట్టను.

ఇక డబ్బు లేదన్న మాట. హార్వర్డ్ 2001లో హరిత రుణనిధిని ఏర్పాటు చేసి, తరువాత దాన్ని 1 కోటి 20 లక్షల డాలర్ల దాకా పెంచింది. ఏ విభాగమైనా అందులోంచి అప్పు తీసుకుని దీపాలో, పంపులో, నియంత్రణ పరికరాలో మార్చుకుని, తగ్గిన బిల్లులోంచే ఆ అప్పు తీరుస్తుంది. తీరిన డబ్బు మరో విభాగానికి అప్పుగా వెళుతుంది. అంత నిధి అందరికీ ఉండదు, నిజమే. సూత్రం మాత్రం చిన్న మొత్తానికీ వర్తిస్తుంది. దానికి అడ్డుపడేది లేమి కంటే ఎక్కువగా పద్దుల మధ్య గోడ. పరికరం కొనే డబ్బు ఒక పద్దు, దాన్ని నడిపే డబ్బు మరో పద్దు, రెంటినీ చూసే అధికారులు వేరు. అతి తక్కువ ధర చెప్పినవారికే టెండరు ఇవ్వాలన్న నిబంధన ఉన్నచోట, పదిహేనేళ్లపాటు ఎక్కువ కరెంటు తాగే చిల్లరు, అంటే భవనాలను చల్లబరచే యంత్రం, నిస్సంకోచంగా గెలుస్తుంది. దాన్ని కొన్న అధికారి డబ్బు మిగిల్చినందుకు అభినందన అందుకుంటాడు, ఆ పదిహేనేళ్ల బిల్లు కట్టేవారికి ఎందుకు కడుతున్నామో తెలియదు. కొనే ధరతో పాటు వాడినంత కాలం అయ్యే ఖర్చును కూడా టెండరు మదింపులో కలపాలని కొనుగోలు నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చితే, అది వంద మొక్కలు నాటడం కంటే మేలు. ఆ వాక్యం పక్కన నిలబడి ఫొటో దిగడం మాత్రం కుదరదు.

అన్నిటికంటే పెద్ద నిర్ణయాలు ఎవరి కంటా పడని ప్లాంటు గదిలో జరుగుతాయి. అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం నాలుగు బొగ్గు బాయిలర్ల స్థానంలో 2009లో భూగర్భ ఉష్ణ వ్యవస్థ పని మొదలుపెట్టింది. 3,600కు పైగా బోర్లు వేసి, భూమిలో నీటిని తిప్పి భవనాలను వేడిచేసేలా, చల్లబరచేలా ఏర్పాటు చేసి, 2014లో బొగ్గు కాల్చడం పూర్తిగా మానేసింది. స్టాన్‌ఫోర్డ్ 2015లో గ్యాసుతో నడిచే పాత ప్లాంటును ఆపి, ఆవిరి గొట్టాలకు బదులు వేడినీటి గొట్టాలు వేసి, ఒక భవనాన్ని చల్లబరచేటప్పుడు తీసిన వేడినే మరో భవనానికి అందించే పద్ధతికి మారింది. ఒకే రోజున ఒకచోట వేడిని బయటికి పారేస్తూ, పక్కనే వేడి కోసం ఇంధనం కాల్చడం ఎంత అవివేకమో గమనించినవారి పని అది. బాయిలరు ఒకసారి పెడితే ముప్పై ఏళ్లు నడుస్తుంది. కాబట్టి సంస్థ మాట మీద నిలబడుతుందో లేదో తేలే రోజు సంతకం చేసిన రోజు కాదు, పాత బాయిలరు చెడిపోయిన రోజు. ప్రత్యామ్నాయం నమూనా అప్పటికే సిద్ధంగా లేకపోతే, అత్యవసరమన్న పేరుతో అచ్చం అలాంటిదే మరొకటి వస్తుంది, మరో ముప్పై ఏళ్లు కూర్చుంటుంది.

ఇదంతా చేయడం కష్టం కాబట్టే, ఎక్కడో ఎవరో నాటిన చెట్లు పీల్చుకునే కార్బన్ లెక్కను కొనుక్కుని తమ ఖాతాలో వేసుకునే దారి చాలామందికి నచ్చుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ తన భవనాల, వాహనాల నికర ఉద్గారాలను 2025 నాటికి శూన్యం చేస్తానని 2013లో ప్రకటించింది. 2023లో ఆ విధానాన్ని సవరించి, కొనుక్కున్న లెక్కల మీద ఆధారపడటం తగ్గించుకుని, 2019తో పోలిస్తే కనీసం 90 శాతం ఉద్గారాలను 2045కల్లా నేరుగా తగ్గించడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. గడువు ఇరవై ఏళ్లు వాయిదా పడిందని నవ్వినవారున్నారు. నాకు నవ్వు రాలేదు. కాగితం మీద శూన్యం చూపించి చేతులు దులుపుకునే అవకాశం ఉండి కూడా, అసలు గొట్టాలూ బాయిలర్లూ మార్చడానికి ఇంతకాలం పడుతుందని ఒప్పుకున్న సంస్థను, గడువు దాటిపోయినా గోడ మీది ఫలకాన్ని తీయని సంస్థ కంటే ఎక్కువగా నమ్ముతాను.

ఆహారం గురించి ఒక్క మాట. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ క్యాటరింగ్ విభాగం 2016 నుంచి గొడ్డుమాంసాన్నీ గొర్రెమాంసాన్నీ వడ్డించడం మానేసి, శాకాహార వంటకాలను పెంచి, కిలో ఆహారానికయ్యే ఉద్గారాలు 33 శాతం తగ్గాయని 2019లో తెలిపింది. ఉపన్యాసాలిచ్చి విద్యార్థుల మనసు మార్చే ప్రయత్నం దీనికి ముఖ్యం కాలేదు, వంటవారికి శిక్షణ ఇచ్చి కొనుగోలు జాబితా మార్చారు. అధ్యాపకుల విమాన ప్రయాణాల సంగతి నేను ఎక్కువగా ఎత్తను. ఎత్తినప్పుడల్లా, వాతావరణ మార్పుపై సదస్సుకు విమానంలో వెళ్లొచ్చినవారే అందరికంటే ముందు నొచ్చుకుంటారు.

చివరగా, మా ఏహెచ్‌యూ గది, అంటే చల్లటి గాలిని భవనంలోకి పంపే యంత్రం ఉన్న గది. సెలవుల్లో కూడా పెద్ద సభామందిరం ఎందుకంత చల్లగా ఉంటోందని చూడటానికి ఒకసారి ఎలక్ట్రీషియన్ గారితో కలిసి వెళ్లాను. ప్యానెల్ మీద మూడు స్థానాల స్విచ్ ఉంది: ఆటో, ఆఫ్, హ్యాండ్. ఆటోలో ఉంటే టైమరు ప్రకారం నడుస్తుంది, హ్యాండ్‌లో ఉంటే ఎవరైనా ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. అది హ్యాండ్‌లో ఉంది. "మూడేళ్ల నుంచీ ఇంతే మేడం," అన్నారాయన. "ఏదో ఫంక్షన్ రాత్రిదాకా సాగుతుందని పెట్టమన్నారు. తీయమని మళ్లీ ఎవరూ చెప్పలేదు." ఇప్పుడు తిప్పేయండి అన్నాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, "మీరు చెబితే తిప్పకూడదండీ, రాతపూర్వకంగా రావాలి," అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మర్నాడు ఎవరికైనా ఉక్కపోస్తే మాట పడేది ఆయనే.

నేను కాగితం రాశాను. విభాగాధిపతి సంతకం, ఇంజనీరు సంతకం, రిజిస్ట్రారు కార్యాలయం ముద్ర పడి అది తిరిగొచ్చేసరికి తొమ్మిది వారాలు పట్టింది. ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిపించి, కాగితాన్ని ప్యానెల్ తలుపు లోపలివైపు టేపుతో అంటించి, స్విచ్‌ను ఆటోకి తిప్పారు. ఆరు గంటలకు టైమరు టక్కుమని, ఫ్యాను మెల్లగా ఆగింది. మూడేళ్లలో ఆ గది నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారని ఆయన అన్నారు.