ఎక్కినంత మాత్రాన ఇష్టపడినట్టా?

బస్సు కిక్కిరిసి పోతోందంటే అందులో ఉన్నవాళ్లంతా దాన్ని ఇష్టపడి ఎక్కారని కాదు. కొందరికి బస్సే నచ్చుతుంది, కొందరికి అది తప్ప వేరే దారి లేదు. ఈ తేడా తేల్చకుండా వేసే రవాణా అంచనాలు నాకు ఆందోళన కలిగిస్తాయి.

ప్రయాణికుల ఇష్టం ఎంత బలమైనదో కొలవడానికి ఎక్కువగా వాడేది లాజిట్ మోడల్, అంటే ఉన్న అవకాశాల్లో ఒక్కోదాన్ని జనం ఎంచుకునే అవకాశం ఎంతో చెప్పే గణిత పద్ధతి. ఇలాంటి ఎంపికల విశ్లేషణకు గట్టి పునాది వేసినందుకే డేనియల్ మెక్‌ఫాడెన్‌ 2000లో ఆర్థిక శాస్త్ర నోబెల్‌ను పంచుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే మెట్రో తరహా రైళ్లు 1972లో మొదలయ్యాయి. అంతకుముందు సేకరించిన వివరాలతో, ఉద్యోగ ప్రయాణాల్లో 6.3 శాతం ఆ రైళ్లకు వస్తాయని ఆయన బృందం లెక్కగట్టింది. అధికారిక అంచనా మాత్రం 15 శాతం. తీరా వచ్చింది 6.2 శాతమే.

లెక్క ఇలా నడుస్తుంది. సమయం, ఖర్చు, ఎదురుచూపు, మారాల్సిన బండ్లు అన్నీ కలిపి ఒక్కో సాధనానికి ఒక స్కోరు వేస్తారు. బస్సుకూ కారుకూ స్కోరు సమానమైతే చెరి సగం. తేడా 1 ఉంటే మెరుగైనదాన్ని ఎంచుకునే అవకాశం 73 శాతం, 2 ఉంటే 88 శాతం. అదే తేడా 4 నుంచి 5కు పెరిగితే అదనంగా వచ్చేది ఒక్క శాతమే. అందుకే సర్వీసులో చిన్న మార్పు చేసినా ముందు కదిలేది ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడేవాళ్లే. ఇంకో సంగతి: స్టాప్‌లో నిలబడిన నిమిషం, బండిలో కూర్చున్న నిమిషం కంటే ఎక్కువ భారమని, తరచూ దాదాపు రెట్టింపని ఇలాంటి అధ్యయనాల్లో తేలుతూ ఉంటుంది.

అసలు చిక్కు డేటాలో ఉంది. ఒక ఇంట్లో కారు ఉంది, దాన్ని రోజూ భర్తే తీసుకెళతాడు. భార్య గంటసేపు బస్సులో వెళుతుంది. సర్వేలో 'ఇంట్లో కారు ఉందా?' అంటే ఉందనే రాస్తారు. కారులో ఇరవై నిమిషాల్లో చేరే అవకాశం ఉన్నా ఆమె బస్సునే ఎంచుకుందని మోడల్ అనుకుంటుంది. ఇలాంటివాళ్లు ఎక్కువైతే, బస్సు ప్రయాణికులకు సమయమంటే పెద్ద లెక్కలేదన్న ఫలితం వస్తుంది. దాన్ని పట్టుకుని, బస్సులు వేగంగా నడిపించినా పెద్ద ప్రయోజనం ఉండదని ఫైల్ మీద రాసేయొచ్చు. ఆమె గతిలేనితనం ఆమె ఇష్టంగా నమోదవుతుంది. ఇది అన్యాయం, పైగా గణాంకాల పరంగా కూడా తప్పే.

ఇంకా రాని మెట్రో గురించి అడిగితే జనం 'తప్పకుండా ఎక్కుతాం' అంటారు, తర్వాత అందరూ ఎక్కరు. కాబట్టి చెప్పిన మాటనూ చేసిన ప్రయాణాన్నీ కలిపి చూడడం మంచి పద్ధతి. కానీ సర్వేలో ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: 'ఈ రోజు ఈ ప్రయాణానికి ఏ బండి మీ చేతిలో ఉంది?' ప్రాజెక్టు నివేదికల్లో శాతాల పక్కనే, ఎవరికి ఏయే అవకాశాలు ఉన్నట్టు లెక్కలోకి తీసుకున్నారో కూడా ప్రచురించాలి.