సింగిల్ బండకో విన్నపం

మహారాజశ్రీ గ్యాస్ బండ గారికి,

ఉభయకుశలోపరి. అలా రాశానే గానీ నీ లోపల క్షేమమో ఖాళీయో నాకెప్పుడూ తెలిసి చావదు, గొడవంతా అదే.

సంక్రాంతి వెళ్ళాక ఓ ఆదివారం మా ఆడపడుచూ అన్నయ్యగారూ వచ్చారు. మూకుట్లో నూనె కాగింది, మొదటి వాయి గారెలు వేశాను, అవి ఒకవైపైనా ఎర్రబడకముందే నీలం మంట చిన్న చిన్న మొగ్గలైపోయి, ఒక్కోటీ ఆరుతూ చివరికి టప్‌మంది. గారెలు తెల్లగా నూనె పీల్చుకుంటూ కూర్చున్నాయి. హాల్లోంచి అన్నయ్యగారు "తొందరేం లేదమ్మా" అన్నారు. ఆయనకి లేదు, నీకుంది. ముందురోజు ఉప్మా చేసినప్పుడు అయిపోతే నీ సొమ్మేం పోయింది?

నీలో ఉండేది 14.2 కిలోలు. దాన్ని నేనెంత సాగదీస్తానో నీకే తెలుసు. పప్పు గంట ముందే నానబెడతా, కూర మీద మూత తియ్యను, టీ ఒకేసారి కాచి ఫ్లాస్కులో పోస్తా, మళ్ళీ వేడి చెయ్యమన్న మనిషికి చూపుతోనే సమాధానం చెప్తా. అన్నం కరెంటు కుక్కర్లోకి మార్చాను, ఆ బిల్లు సంగతి వేరే ఉత్తరంలో. ఇంత చేసినా నలభై రోజులు దాటవు. మా ఆంధ్రా ప్రభుత్వం వారి దీపం-2 పథకం కింద ఏడాదికి 3 బండలు ఉచితం, నాలుగు నెలలకొకటి చొప్పున. ఆ లెక్క వేసినవాళ్ళింట్లో గారెలు వండరనుకుంటా!

నీ మెడ మీద సి-29 అని ఉంది, అంటే 2029 జులై–సెప్టెంబరులో నీకు మళ్ళీ పరీక్షట. లోపల ఎంత మిగిలిందో మాత్రం ఎక్కడా ఉండదు. అందుకే తడిగుడ్డతో నీ ఒళ్ళంతా తుడుస్తాం. ఖాళీ అయినంతమేరా గబుక్కున ఆరుతుంది, గ్యాసు ఉన్నచోట తడి కాసేపు నిలుస్తుంది. రోజూ రాత్రి అత్తయ్యా నేనూ నీ ముందు గొంతుక్కూర్చుని, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూస్తాం. జానెడుందంటుంది ఆవిడ. బెత్తెడే అంటాను నేను.

రెండో బండ తీసుకోవచ్చుగా అంటారు. డిపాజిట్టే 2,200, గ్యాసు డబ్బు వేరే. మూడుసార్లు కూడబెట్టాను. ఒకసారి మిక్సీ కాలింది, ఒకసారి పిల్లల బూట్లు, ఇంకోసారి ఇదే అన్నయ్యగారి గృహప్రవేశం చదివింపులు. దాంతో ప్రతిసారీ పక్కింటి పిన్నిగారి తలుపే గతి. ఆవిడ తన బండ దొర్లించి ఇస్తూ "ఇంకా సింగిలేనా?" అంటుంది, పెళ్ళికాని పిల్లనడిగినట్టు.

నిన్న రాత్రి బెత్తెడే ఉన్నావు, ఈసారి అత్తయ్య కూడా ఒప్పుకుంది. ఆదివారం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. బొబ్బట్లు కావాలట.

ఇట్లు,
తడిగుడ్డతో,
నీ ఇల్లాలు